సెట్ అయ్యిందా?

దుబాయ్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్ళని ఎవరైనా మొదట అడిగేది ఇదే. ఉద్యోగం సెట్ అయ్యిందా? ఫ్లాట్ సెట్ అయ్యిందా? పిల్లల స్కూలు సెట్ అయ్యిందా? ఈ మూడూ అయ్యాయని ఊపిరి పీల్చుకునే లోపల ఇండియా నుంచి పెద్దమ్మో బాబాయో ఫోన్ చేసి నాలుగోది అడుగుతారు, "అయితే మొత్తానికి సెటిల్ అయినట్టేనా నాయనా?" అని. మొదటి మూడింటికీ ఏదో ఒక జవాబు ఉంటుంది. రెండేళ్ళకోసారి వీసా రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనం ఆ నాలుగోదానికి ఏమని చెబుతాం చెప్పండి! "ఆ... పర్వాలేదు పెద్దమ్మా" అని నసిగి, ఫోన్ పిల్లలకి ఇచ్చేస్తాం.

సరే, సెటిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ "సెట్" ఏమిటో చూద్దాం.

ఇంగ్లీషులో మూడక్షరాలు, తెలుగులో రాస్తే రెండే. కానీ దీని కడుపు మాత్రం బకాసురుడి కడుపు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ముద్రణలో అన్నిటికన్నా పొడవైన పద్దు ఈ "సెట్" అనే క్రియదే. 430 అర్థాలు, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు! మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసం లాంటివి ఓ పాతిక కలిపి కుట్టినా దానికి సరిపోవన్నమాట. అంత వైభవం అనుభవించిన సెట్‌కి ఈ మధ్య పదవీచ్యుతి జరిగింది. ఆన్‌లైన్‌లో తయారవుతున్న మూడో ముద్రణ కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుని "రన్" అనే క్రియకి 645 అర్థాలు తేల్చాడని 2011లో పత్రికల్లో వచ్చింది. రన్ పరిగెత్తింది, సెట్ కూర్చుండిపోయింది.

కూర్చుండిపోయింది అని ఊరికే అనలేదు. సెట్ అసలు పుట్టుకే "సిట్" నుంచి. సిట్ అంటే కూర్చో, సెట్ అంటే కూర్చోబెట్టు. మనం "పడు, పడవేయు" అన్నట్టు అన్నమాట. ఇంకో తమాషా ఏమిటంటే టీ సెట్, నగల సెట్ అనేటప్పుడు వచ్చే సెట్‌కి వేరే తాత ఉన్నాడు. అది లాటిన్‌లో "సెక్టా" అనే మాట, ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఒక గుంపు అని అర్థం. రెండు కుటుంబాల పిల్లలు ఒకే యూనిఫాం వేసుకుంటే టీచరుకి ఎవరెవరో తెలియనట్టు, ఇంగ్లీషువాళ్ళకి ఇవి రెండూ కలిసిపోయాయి. మనకీ అలాంటివి ఉన్నాయి కదా, పట్టుచీరలో పట్టు వేరు, ఉడుంపట్టులో పట్టు వేరు.

ఇంగ్లీషువాడి గొడవ ఎలా ఉన్నా, మనవాళ్ళు ఈ మాటని వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకుని ఉండరని నా గట్టి నమ్మకం. నా చిన్నప్పుడు మా ఊళ్ళో రెండే సెట్లు ఉండేవి. పంచాయతీ ఆఫీసులో రేడియో సెట్టు, పొలాల్లో పంపుసెట్టు. పట్నం నుంచి వచ్చిన మాటకి చివర "ఉ"కారం తగిలించి సొంతం చేసుకోవడం మన అలవాటు కాబట్టి సెట్టు అయ్యింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వ్యవసాయ పంపుసెట్లకి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారంటే, ఆ సెట్టు మన రాజకీయాలని ఎంత తిప్పిందో ఆలోచించండి.

ఇంటర్మీడియెట్‌కి వచ్చేసరికి ఇంకో సెట్ మీద పడింది, ఎంసెట్! ఇది ఇంగ్లీషులో "సి"తో మొదలయ్యే సెట్, కామన్ ఎంట్రన్స్ టెస్ట్. తెలుగులో రాస్తే ఏ సెట్ అయినా ఒకటే కాబట్టి దీన్నీ మన లెక్కలో వేసుకుంటున్నాను, కోప్పడకండి. దాని వెనకే ఐసెట్, ఎడ్‌సెట్, లాసెట్, ఈసెట్ వరసగా వచ్చాయి. ఇప్పుడు ఎంసెట్ పేరు కూడా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు. పేరు మారినా తల్లిదండ్రుల గుండెదడలో మార్పు లేదు. మా రోజుల్లో పరీక్ష హాలు బయటికి రాగానే మొదటి ప్రశ్న "నీకే సెట్ వచ్చింది?" అనే. ప్రశ్నపత్రంలో ఎ, బి, సి, డి అని నాలుగు సెట్లు ఉండేవి మరి. సెట్‌లో సెట్! ఆ సెట్‌లో ర్యాంకు వస్తే జీవితం సెట్. రాకపోతే "వాడికి లెక్కలు సెట్ కాలేదండీ" అని నాన్నగారు చుట్టాలకి చెప్పుకోవడం.

ఇక సినిమావాళ్ళు. "త్వరలో సెట్స్ మీదకి" అనే మాట లేకుండా తెలుగు సినిమా పేజీ ఉండదు. గుణశేఖర్ తీసిన "ఒక్కడు" (2003) కోసం చార్మినార్‌నే సెట్ వేశారు. హైదరాబాదులో అసలు చార్మినార్ ఉండగానే! 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళని ఎన్నారై కుటుంబం ఉంటుందా? అక్కడ ముందు గోడ ఎయిర్‌పోర్టు, వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకేదో. ఆ సెట్ నుంచే "సెట్టింగ్" పుట్టింది. వినాయక చవితి పందిట్లో సెట్టింగ్, పెళ్ళి మండపంలో సెట్టింగ్. ఈ మధ్య సెట్టింగ్ అంటే లోపాయికారీ ఒప్పందం అని కూడా అర్థం వచ్చేసింది. "ఆఫీసులో ఎవరో సెట్టింగ్ ఉందిలే" అంటే మండపం సంగతి కాదు.

మా బర్ దుబాయ్‌లో సెట్ల గొడవ ఇంకో రకం. అరబ్బీలో "బర్ర్" అంటే నేల, నీటికి ఎదురుగా ఉండే గట్టి నేల. క్రీక్‌కి ఇవతలి నేల కాబట్టి ఈ పేరు. ఒక దిర్హామ్ ఇచ్చి అబ్రా ఎక్కితే అవతల డేరా, బంగారం సూక్. ఆడవాళ్ళు అంత దూరం వెళ్ళక్కర్లేదు, ఇవతల మీనా బజార్‌లోనే సెట్లన్నీ ఉన్నాయి. నెక్లెస్ సెట్, గాజుల సెట్, చుడీదార్ సెట్. దుకాణం ముందు నుంచి నడిస్తే చాలు, "మేడమ్, పూరా సెట్ హై!" అని కేకలు. మా ఎదురింటి మలయాళీ ఆవిడ ఓణం నాడు "సెట్టు ముండు" కట్టుకుని పాయసం తెచ్చి ఇచ్చినప్పుడు మా ఆవిడకి తెలిసింది, ఆ తెల్లబట్ట బంగారు అంచుల జతకి వాళ్ళు పెట్టిన పేరులో కూడా సెట్ ఉందని. మన దగ్గర అంత పవిత్రంగా సెట్ వాడేది ఒక్క దోశకే. సెట్ దోశ బెంగళూరువాళ్ళదని తెలిసినా, తినేటప్పుడు మనదే.

సూర్యుడు కూడా ఇక్కడ సెట్ అవుతాడు, అందరికీ ఒకేసారి కాదు. పిల్లలకి ఇది చెబితే నమ్మరు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల ఎత్తు. పైకి వెళ్ళేకొద్దీ క్షితిజం దూరమవుతుంది కాబట్టి పైన ఉన్నవాళ్ళకి సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. అందుకని 2011లో ఇక్కడి మతపెద్దలు, రంజాన్ ఉపవాసం విడవడానికి 80వ అంతస్తు దాటినవాళ్ళు రెండు నిమిషాలు, 150 దాటినవాళ్ళు మూడు నిమిషాలు ఆగాలని చెప్పారు. ఒకే ఇంట్లో మూడు సన్‌సెట్లు! ఆ ఇల్లు కట్టేటప్పుడు ఇంకో సెట్‌తో యుద్ధం చేశారు. ఎండాకాలంలో కాంక్రీటు త్వరగా గట్టిపడిపోతుంది, దాన్నే సెట్ అవడం అంటారు. అందుకని వేసవిలో రాత్రిపూట, ఐసు కలిపి పోశారు. ఆ రాత్రి షిఫ్టుల్లో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ చేతులు ఎన్ని ఉన్నాయో శిలాఫలకం మీద ఉండదు.

నా వృత్తి సంగతి చెప్పకపోతే ఐటీవాళ్ళు అలుగుతారు. కాలేజీలో "సమితి" అని చదువుకున్నదే సెట్. తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాడికి సమితులు అంటే పదో తరగతి లెక్కలు, కంప్యూటర్ కోర్సులో "సెట్ థియరీ" అన్నప్పుడు "ఓస్, ఇదేనా" అనిపించింది. సమితిలో ఒకే మూలకం రెండుసార్లు ఉండకూడదు. జావాలో హ్యాష్‌సెట్ కూడా అదే పట్టుదల, ఒకే విలువ రెండోసారి ఇస్తే మర్యాదగా తీసుకోదు. డేటాబేస్‌లో "అప్‌డేట్" రాసి, "సెట్" రాసి, ఎవరికి అనే "వేర్" రాయడం మరిచిపోతే టేబుల్ మొత్తానికి ఒకే జీతం సెట్ అవుతుంది. అలాంటి రాత్రులు చూసిన మిత్రులు నవ్వుకుంటూ చదువుతుంటారు ఈ వాక్యం. ఇవి కాక సెటప్, రీసెట్, హెడ్‌సెట్, చిప్‌సెట్, సెట్‌టాప్ బాక్స్. ఇక చాలు, ఇది ఆఫీసు కాదు.

అసలు ఈ వ్యాసానికి కారణం మా అమ్మాయి. ఏడో తరగతి. శనివారం మన అసోసియేషన్ తెలుగు క్లాసుకి వెళుతుంది, కొంచెం ఇష్టంగా, కొంచెం మా బలవంతాన. ఒకరోజు క్లాసు నుంచి వచ్చి, "డాడీ, ఇంగ్లీష్‌లో సెట్‌కి 430 మీనింగ్స్ అట. తెలుగులో అలాంటి వర్డ్ లేదు కదా?" అంది. ఆ "లేదు కదా" దగ్గర నాకు కొంచెం గుచ్చుకుంది. తెలుగు అంటే క్లాసులో మార్కుల్లేని భాష అనీ, ఇంగ్లీషంటే అన్నీ ఉన్న భాష అనీ పిల్లలకి మనం చెప్పకుండానే చెప్పేస్తున్నాం. మీ ఇంట్లో కూడా ఇంతే అనుకుంటాను.

వంటింట్లోంచి వాళ్ళ నానమ్మ అంది, "ముందు కంచాలు పెట్టవే, తర్వాత చెబుతాను."

పెట్టు! ఇంత దగ్గరగా ఉన్నది నాకు తట్టలేదు, ఆవిడ నోట్లో ఉంది. కంచాలు పెట్టడమే కదా ఇంగ్లీషులో టేబుల్ సెట్ చేయడం. నేనూ అమ్మాయీ కాగితం తీసుకుని కూర్చున్నాం. సెట్ ఎక్కడెక్కడ పెట్టు అవుతుందో చూద్దామని. అలారం సెట్ చేస్తే అలారం పెట్టడం. పెళ్ళికి డేట్ సెట్ చేస్తే ముహూర్తం పెట్టడం. ఫైర్ సెట్ చేస్తే నిప్పు పెట్టడం. రేటు సెట్ చేస్తే ధర పెట్టడం. కండిషన్ అయితే షరతు పెట్టడం, ఎలుకకి ట్రాప్ అయితే బోను పెట్టడం. పక్కన పెట్టడం, అడుగు పెట్టడం, మనసు పెట్టడం, కొట్టు పెట్టడం... అన్నిట్లోనూ అటు సెట్, ఇటు పెట్టు! మాస్టారు ప్రశ్నపత్రం సెట్ చేసినా మనకి పరీక్ష పెట్టినట్టే. ఏడు సముద్రాల అవతలి భాషకీ మన గోదావరి భాషకీ ఇంత పొత్తు ఎలా కుదిరిందా అని నేను ఆశ్చర్యపోతుంటే మా అమ్మ తేలిగ్గా తీసేసింది. "ఏ భాషవాళ్ళయినా వస్తువు కింద పెట్టకుండా ఎలా బతుకుతారురా?" అంది. నిజమే. పెట్టడం, పట్టడం, పడటం, వెయ్యడం, తీయడం, చేత్తో చేసే ఈ పనుల మాటలే అన్నిటికన్నా ఎక్కువ బరువు మోస్తాయి. పెద్ద పెద్ద సంస్కృత సమాసాలకి ఒక్కొక్క అర్థమే.

మా అమ్మ అక్కడ ఆగలేదు. సెట్‌కి అందని పెట్టులు మొదలుపెట్టింది (చూశారా, ఇక్కడ కూడా!). పిల్లకి బొట్టు పెట్టడం, పేరు పెట్టడం, ముద్దు పెట్టడం, దేవుడికి దణ్ణం పెట్టడం. సంక్రాంతికి ముగ్గు పెట్టడం, బొమ్మల కొలువు పెట్టడం. ఎండలో వడియాలు పెట్టడం. ఆవకాయ పెట్టడం, ఇది మాత్రం అపార్ట్‌మెంటు బాల్కనీలో కష్టం. కోడి గుడ్డు పెట్టడం. ఏడుపుమొహం పెట్టడం, పేచీ పెట్టడం, ఈ రెండూ మా అమ్మాయిని చూసి అంది. శుభకార్యంలో ఆడపడుచుకి బట్టలు పెట్టడం. "దీన్ని ఇంగ్లీషులో చెప్పవే చూద్దాం" అంది. పిల్ల ఆలోచించి, "గివింగ్ క్లోత్స్?" అంది. కాదు. బట్టలు ఇవ్వడం వేరు, బట్టలు పెట్టడం వేరు. ఇస్తే సాయం, పెడితే గౌరవం. బట్టలు పెట్టలేదని పదేళ్ళు మాట్లాడుకోని కుటుంబాలు నాకు తెలుసు. బట్టలు ఇవ్వలేదని ఎవరూ అలగరు.

అన్నం కూడా అంతే. అన్నం వడ్డించడం హోటల్లో కూడా జరుగుతుంది. అన్నం పెట్టేది అమ్మ, లేదా అమ్మలాంటి మనిషి. "ఆవిడ నాకు నాలుగేళ్ళు అన్నం పెట్టింది" అని మనవాళ్ళు అంటే అందులో లెక్క ఉండదు, రుణం ఉంటుంది. పెట్టిపుట్టాలి అంటారు, పెట్టుపోతలు అంటారు. పెట్టుబడిలో కూడా ఇదే పెట్టు. ముసలితనంలో పెట్టుడు పళ్ళు ఉన్నాయి చూశారూ, దాన్ని మనవాళ్ళు ఇప్పుడు ఏమంటున్నారో తెలుసా? పళ్ళ సెట్టు! పెట్టు, సెట్టు రెండూ కలుసుకున్న చోటు అది. మా అమ్మ తన సెట్టు తీసి చూపించబోతే పిల్ల పరుగెత్తింది.

ఇంకో పెట్టు ఉంది, దాని మీద నాకు ప్రత్యేకమైన మమకారం. రాసిపెట్టు, చూసిపెట్టు, కుట్టిపెట్టు. వేరే క్రియ తోకకి తగిలి, "నా కోసం" అనే అర్థం ఇస్తుంది. "చదువు" అంటే ఆజ్ఞ, "చదివిపెట్టు" అంటే సాయం చెయ్యమని అడగడం. ఒక్క మాట అదనంగా పెట్టకుండా, ప్లీజ్ అనకుండా, ఎదుటివాడి మంచితనాన్ని నమ్ముకుని అడిగే పద్ధతి ఇది. దీన్ని నేను ఈ ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో!

2023లో, ఓ ఆదివారం సాయంత్రం, మా బిల్డింగ్ కింద టీ కొట్టు దగ్గర ఒకాయన పరిచయమయ్యాడు. జగిత్యాల వైపు మనిషి. తొమ్మిదేళ్ళుగా ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్. ఆ పని అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు కట్టడం, అది సెట్ అయ్యాక అచ్చు విప్పడం. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరికొచ్చి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"సార్, గీ కాయితం జర చదివిపెట్టుండ్రి. ఇంటికి పోతున్న. సంతకం జెయ్యమంటున్నరు."

పైన పెద్ద అక్షరాలతో "ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉంది. కింద ఇంగ్లీషులో, నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇక కంపెనీ మీద నాకు ఏ హక్కూ క్లెయిమూ లేవు, అని ఉంది. డబ్బు ఇంకా చేతికి రాలేదు. నేను చదివి చెప్పాక ఆయన నిలబడిపోయాడు. "గట్లనా సార్? సెటిల్‌మెంట్ అంటే కూసొని మాట్లాడుకునుడు గద? ముందుగాల సంతకం జేస్తే ఎన్క మాట్లాడుతరనుకున్న" అన్నాడు.

ఆయన అనుకున్నది తప్పెలా అవుతుంది? మన ఊళ్ళల్లో సెటిల్‌మెంట్ అంటే అదే కదా. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని తగువు తేల్చడం. మన నేలలో ఈ మాటకి ఎన్ని బతుకులో చూడండి. 1802లో కుంపెనీవాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారులతో శిస్తు ఒప్పందం చేసుకుంటే అది శాశ్వత సెటిల్‌మెంట్. కూతురికి ఇల్లు రాసిస్తే రిజిస్ట్రారు ఆఫీసులో సెటిల్‌మెంట్ దస్తావేజు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో, నేరస్థ జాతులని ముద్ర వేసిన కుటుంబాలని తెచ్చి కాపలాలో ఉంచితే అదీ సెటిల్‌మెంటే. సినిమాల్లో రౌడీ చేసేదీ సెటిల్‌మెంటే. నిజాంసాగర్ నీళ్ళ కోసం గుంటూరు, కృష్ణా వైపు నుంచి నిజామాబాద్ వెళ్ళి క్యాంపులు కట్టుకున్న రైతులు సెట్లర్లు. మూడు తరాలయ్యాక కూడా సెట్లర్లే! ఇన్ని అర్థాలు మోస్తున్న మాట గల్ఫ్‌కి వచ్చి, ఒక కాగితం నెత్తిన కూర్చుని, "ఇక అడగడానికేం లేదు" అనే ఒక్క అర్థంలోకి కుదించుకుపోయింది. ఇంగ్లీషు లాయర్ల పాత భాషలో సంతకం చేయడాన్ని "చెయ్యి సెట్ చేయడం" అంటారు. మనం సంతకం పెట్టడం అంటాం. పెట్టాక తీయడం మాత్రం ఏ భాషలోనూ సులువు కాదు.

టీ కొట్టు బల్ల మీదే లెక్క వేశాం. ఇది చదివేవాళ్ళలో చాలామందికి, మీ డ్రైవరుకో మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి అన్నకో, ఎవరికో ఒకరికి పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కొత్త కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీలో కనీసం ఏడాది పూర్తి చేసినవారికి గ్రాట్యుటీ ఉంది. మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల జీతం. ఆ తర్వాతి ప్రతి ఏడాదికీ 30 రోజుల జీతం. లెక్క బేసిక్ జీతం మీదే, అలవెన్సుల మీద కాదు. మొత్తం కలిపి రెండేళ్ళ జీతం దాటకూడదు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోపల రావలసినవన్నీ ఇచ్చెయ్యాలి. డీఐఎఫ్‌సీ లాంటి కొన్ని ఫ్రీజోన్లలోనూ, ఇళ్ళల్లో పనిచేసేవారికీ నిబంధనలు వేరు, అది గుర్తు పెట్టుకోండి.

ఆయన బేసిక్ 900 దిర్హాములు. అంటే రోజుకి 30. మొదటి ఐదేళ్ళకి 105 రోజులు, తర్వాతి నాలుగేళ్ళకి 120, మొత్తం 225 రోజులు. 6,750 దిర్హాములు రావాలి. కాగితం మీద 5,670 అని ఉంది. తొమ్మిదేళ్ళకీ 21 రోజుల లెక్కే వేసేశారు. కావాలని వేశారో, క్లర్కు ఎక్సెల్ షీటులో పాత ఫార్ములా లాగేశాడో నాకు తెలియదు. తేడా 1,080 దిర్హాములు. అప్పట్లో మన డబ్బులో పాతికవేలకి కొంచెం తక్కువ. దుబాయ్ మాల్‌లో ఒక కుటుంబం శనివారం ఖర్చు పెట్టేయగల మొత్తం, ఆయనకి నెల జీతం కంటే ఎక్కువ.

కాగితం వెనకాల ఒక పక్క తెలుగులో, ఒక పక్క ఇంగ్లీషులో లెక్క రాసిపెట్టాను. "అన్నా, ఇది చూపించి అడుగు. చెక్కు చేతికొచ్చాకే సంతకం. ఒప్పుకోకపోతే మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. మన కాన్సులేట్ ఇక్కడే బర్ దుబాయ్‌లో ఉంది, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంవాళ్ళు కూడా మాట్లాడతారు" అన్నాను. ఆయన తలూపాడు గానీ మొహంలో భయం పోలేదు. అడిగితే టికెట్టు ఆపేస్తారేమోనని.

పది రోజులకి ఫోన్ వచ్చింది. లెక్క చూపిస్తే ఆఫీసులో ఎవరూ వాదించలేదట. 6,750 ఇచ్చారు. పన్నెండు రోజుల లీవు జీతం మాత్రం రాలేదు. "అది కూడా అడుగుదాం అన్నా" అంటే నవ్వాడు, "కల్లివల్లి సార్, రేపు ఫ్లైటు" అన్నాడు. ఈ కల్లివల్లి ఇక్కడి అరబ్బీ మాట, పోనీలే అని అర్థం. మన తెలంగాణ పల్లెల్లో వీసా లేకుండా దాక్కుని పనిచేసేవాళ్ళని కూడా కల్లివెల్లి అంటారు. మాటలు మనం మోసుకెళ్ళడమే కాదు, మనుషులతో పాటు తిరిగి ఊరికి కూడా చేరతాయన్నమాట. ఊళ్ళో ఏం చేస్తావని అడిగితే, బోరు వేయించి పంపుసెట్టు పెట్టుకుంటానన్నాడు. బోరు అప్పుతోనే ఆయన ఇక్కడికి వచ్చింది. ఈసారి నీళ్ళు పడతాయా అని అడగబోయి ఊరుకున్నాను.

పెద్దమ్మ అడిగే నాలుగో ప్రశ్న దగ్గరికి వస్తే, 2019లో గోల్డెన్ వీసా వచ్చాక పదేళ్ళ పాటు నిశ్చింతగా ఉండేవాళ్ళు మన అసోసియేషన్‌లోనే కొందరున్నారు. వాళ్ళని అడిగాను, "ఇప్పుడు సెటిల్ అయినట్టేనా?" అని. ఒకాయన, "పదేళ్ళకి సెట్, ఆ తర్వాత రీసెట్" అన్నాడు. ఐటీవాడే లెండి. ఇంకో ఆవిడ ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు. "మా ఇంట్లో ఆవకాయ పెట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి నేను సెటిల్ అయినట్టే లెక్క" అంది. మా అమ్మకి ఈ జవాబు బాగా నచ్చింది. వీసా సంగతి వదిలేసి, కాయ ఎక్కడ దొరికిందో అడిగింది.

పిల్లలూ, మీకో ఆట. ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని "పెట్టు"తో ఎన్ని మాటలు వస్తాయో రాయండి. ఇంటర్నెట్ చూడకూడదు. ఫోన్‌లో ఇండియాకి చేసి అడగొచ్చు. మా అమ్మాయి జాబితా ఫ్రిజ్ మీద అంటించి ఉంది, ఈ సంచిక ప్రెస్‌కి వెళ్ళేనాటికి 61 దగ్గర ఉంది. 430 దాకా వెళ్ళాలని దాని పట్టుదల. 62వది నిన్న రాత్రి దొరికేది గానీ, "సున్నం పెట్టు"కీ "సున్నా పెట్టు"కీ విడివిడిగా మార్కులు వెయ్యాలా వద్దా అని నానమ్మకీ మనవరాలికీ ఇంకా సెటిల్‌మెంట్ కాలేదు.